నేను ఆరు అన్నాను

ఈ ఇంట్లో నాకున్న పనుల్లో లెక్క చెప్పడం ఒకటి. వంట మొదలుపెట్టే ముందు మామా హాల్లోంచి "ఎంతమంది?" అని కేకేస్తుంది. నేను వాకిట్లో విడిచిన చెప్పుల జతలు చూసి చెప్తాను. బయటికి పోయేటప్పుడు వ్యాన్‌లో తలలు చూసి చెప్తాను. మామా అంటే ఇంటి యజమానురాలు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళం అందరం అలాగే పిలుస్తాం. ఎనిమిదేళ్ళుగా నాది ఇదే ఇల్లు. ఆ కొండకు పోయేదాకా నా లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఆ లెక్కలో నన్ను నేను కలుపుకోను. కలుపుకోవద్దని ఎవరూ చెప్పలేదు. పళ్ళేలు వాళ్ళకు పెట్టేవి కాబట్టి వాళ్ళనే లెక్కపెడతాను. నేను తర్వాత వంటింట్లో తింటాను. నా చెప్పులు వెనక గుమ్మం దగ్గర ఉంటాయి.

రెండు చలికాలాల కిందట, మంచు కొండ మీద, ఒక మనిషి నన్ను ఎంతమంది అని అడిగాడు. ఆరు అన్నాను. అదే రోజు సాయంత్రం, అదే నోటితో, నేను ఆరు అనలేదన్నాను. ఆ మనిషి పని పోయింది. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇన్ని మాటలు ఒకచోట ఎప్పుడూ రాయలేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ కొండ ఉన్నది జార్జియా దేశంలో. కువైట్‌లో ఉండడానికి ఇచ్చే ఇఖామా కార్డు ఉంటే నన్ను కూడా అక్కడికి రానిస్తారని బాబా చెప్పాడు. బాబా అంటే ఇంటి యజమాని. నా కార్డు ఆయన పేరు మీదే ఉంది. గురువారం విమానం ఎక్కడం, శుక్రవారం మంచులో నడవడం, శనివారం తిరిగి రావడం. బాబా, మామా, మామా చెల్లెలు, ఇద్దరు పెద్ద మగపిల్లలు, ఆరేళ్ళ పాప. పాపను చూసుకోవడానికి నేను.

చలి బట్టలకు అందరం కువైట్‌లోనే అల్ రాయ్ అనే చోట ఒక పెద్ద షాపుకు పోయాం. బయట మామూలు చొక్కా చాలు. లోపల వాళ్ళంతా ఉన్ని టోపీలు పెట్టుకుని అద్దాల ముందు నవ్వుకున్నారు. నాకు మామా పాత కోటు ఇచ్చింది.

పోయే ముందు రోజు వదినకు ఫోన్ చేశాను. మా అన్న భార్య. కువైట్‌లోనే రిగ్గైలో వేరే ఇంట్లో పనిచేస్తుంది. ఇద్దరిదీ రాయచోటి పక్క పల్లె.

"నడిచేదానికి ఇమానమెక్కి పోవాల్నా మే?" అంది. "ఈడ నడిచేది చాల్లేదా నీకు?"

"కొండ మీద లాడ్జీ అంట వదినా. ఆడ మంచులో నడిపిస్తారంట."

"లాడ్జీనా! మన బస్టాండు కాడుండే లాడ్జీ మాదిరా? నల్లులుంటాయి, సూసుకోని పండుకో."

"ఆ చలికి నల్లులు ఎప్పుడో సచ్చింటాయిలే."

"నువ్వు మాత్రం సావొద్దు. శుక్రారం శుక్రారం నాకు తోడెవురు?"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఆ లాడ్జి మొత్తం చెక్కతో కట్టిన ఇల్లు. మధ్యలో పెద్ద ఇనుప పొయ్యి. యజమానురాలు ఒక ముసలామె. మమ్మల్ని నడిపించే గైడ్‌కు ముప్పై ఐదేళ్ళుంటాయి. ఎర్రటి బుగ్గలు, మెడలో తాడుకు కట్టిన విజిల్, ఒక చెవి దగ్గర చిరిగిన టోపీ. అతని ఇంగ్లీషు, నా ఇంగ్లీషు ఒక్కలాంటివే. నోటితో తక్కువ, వేళ్ళతో ఎక్కువ.

శుక్రవారం పొద్దున టిఫిన్ అయ్యాక అందరికీ ఎర్రటి పై కోట్లు ఇచ్చారు. మొహానికి గుడ్డ, కళ్ళకు నల్లద్దాలు. మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకోవడానికి వెడల్పాటి చట్రాలు ఇచ్చారు. నాకైతే కాళ్ళకు రెండు చాటలు కట్టినట్టు అనిపించింది. అందుకే వాటిని చాటలనే అంటాను. కాళ్ళు ఎడంగా పెట్టి నడవాలి, లేకపోతే మన చాటను మనమే తొక్కి పడతాం. నేను గుమ్మం దగ్గరే పడ్డాను.

"చూడండి, బాతు!" అన్నాడు పెద్ద పిల్లవాడు.

"ఆ బాతు చేతి వంట తినే నువ్వు ఇంత పొడుగు పెరిగావు," అన్నాను.

వాళ్ళమ్మ కూడా నవ్వింది. ఆ పొద్దున అందరం సంతోషంగానే ఉన్నాం. అది కూడా రాయాలి.

సగం మంది బయట, సగం మంది లోపల చాటలు కట్టుకుంటున్నారు. గైడ్ చిన్న పుస్తకం, పెన్సిల్ తీసుకుని బాబా దగ్గరికి వెళ్ళి ఎంతమంది అని అడిగాడు. బాబా ఫోన్‌లో ఉన్నాడు. మామా వైపు చెయ్యి చూపించాడు. మామా పాపకు మఫ్లర్ చుడుతూ నా వైపు గడ్డం చూపించింది. గైడ్ నా దగ్గరికి వచ్చాడు. నేను ఎప్పుడూ చూసినట్టే తలలు చూశాను. బాబా, మామా, చెల్లెలు, ఇద్దరు, పాప. ఒక చెయ్యి మొత్తం, రెండో చేతిది ఒక వేలు చూపించి "సిక్స్" అన్నాను.

అతను పుస్తకంలో రాసుకున్నాడు. నన్ను వరసలో చివర నిలబెట్టాడు. ఆగిన ప్రతిచోటా తను ముందునుంచి అడుగుతాడు, నేను చూసి చెప్పాలి. వేళ్ళతో, సగం మాటలతో అంతా అర్థమయ్యేలా చెప్పాడు. ఇంత దూరం వచ్చినా నా పని నాకే ఇచ్చారని కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

పాపను ఒక చిన్న బండి మీద కూర్చోబెట్టి, తాడు తన నడుముకు కట్టుకుని గైడ్ ముందు నడిచాడు. చక్రాలు లేని బండి, మంచు మీద జారుతుంది. మేం ఒకరి వెనక ఒకరం. కొంచెం దూరం పోయాక ఆగి, అందరికీ ఫ్లాస్కులోంచి టీ పోశాడు. మళ్ళీ లేచేటప్పుడు ముందునుంచి "సిక్స్?" అని అరిచాడు. నేను చూసి "సిక్స్!" అన్నాను.

ఇంకొంచెం దూరం పోయాక పాప చేతికి ఒక గ్లౌజు లేదని మామా చూసింది.

"టీ తాగిన చోటే ఉంటుంది. యల్లా, పోయి తెచ్చేయ్. మేం మెల్లగా పోతుంటాం."

నేను వెనక్కి తిరిగాను. ముందున్న గైడ్‌కు చెప్పాలని మామాకూ తోచలేదు, నాకూ తోచలేదు. మా ఇంట్లో పడిపోయిన వస్తువు తేవడానికి నేను పోవడం రోజూ పదిసార్లు జరుగుతుంది. దాన్ని ఎవరూ ఎవరికీ చెప్పరు.

గ్లౌజు దొరికింది. టీ తాగిన చోట ఒక ఎండు కొమ్మకు తగులుకుని ఉంది, ఎవరో చెయ్యి ఎత్తి పిలుస్తున్నట్టు. తీసుకుని తిరిగేసరికి కొండ కనబడలేదు. మంచు పడడం మొదలైంది. పైన తెలుపు, కింద తెలుపు. మా చాటల గుర్తులు కళ్ళ ముందే పూడిపోతున్నాయి. పది అడుగులు వేశాక ఒక్క గుర్తు కూడా లేదు.

చప్పుడు లేకపోవడం అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. కువైట్‌లో ఏసీ చప్పుడు ఎప్పుడూ ఉంటుంది. ఊర్లో కోళ్ళో, మోటారో, ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ నా ఊపిరి ఒక్కటే ఉంది. అది కూడా నాది కానట్టు, వెనక ఎవరో పీలుస్తున్నట్టు వినిపించింది. రెండుసార్లు తిరిగి చూశాను.

అప్పుడు ముందు నీడలు కనిపించాయి. వరసగా, కదలకుండా నిలబడి ఉన్నాయి. నా కోసం ఆగారు అనుకున్నాను. "మామా!" అని అరిచాను. ఎవరూ తిరగలేదు. దగ్గరికి పోతూ అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఆరు. అమ్మయ్య అందరూ ఉన్నారు అనుకున్నాను. ఆ మాట అనుకోగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

అందరూ ఉన్నారు. లెక్క సరిపోయింది. ఆ పుస్తకంలో ఆరు అని ఉంది, అక్కడ ఆరుగురు ఉంటారు. ఇక నన్ను ఎవరు వెతుకుతారు?

ఆ నీడలు చిన్న చిన్న చెట్లు. మంచు కప్పుకుని మనుషుల్లా నిలబడ్డాయి. వాటి మధ్యలో నేను కూడా అలాగే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. చేతులు మొద్దుబారిపోయాయి. నా గ్లౌజులు ఎప్పుడో తడిసిపోయాయి. పాప గ్లౌజు మాత్రం తడవకుండా కోటు లోపల పెట్టుకున్నాను.

పైన ఏం జరిగిందో తర్వాత పాప చెప్పింది. వాళ్ళు ఒకచోట ఆగారు. గైడ్ ముందునుంచి "సిక్స్?" అని అరిచాడు. వెనకనుంచి జవాబు లేదు. అందరివీ ఒకే ఎర్ర కోట్లు, గుడ్డ కప్పిన మొహాలు. వరస పొడుగునా తానే వచ్చి ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టాడు. ఆరు. పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ నడిచారు. చాలాసేపటికి పాపకు ముక్కు కారింది. తుడవడానికి నేను ఏదని అడిగింది. అప్పుడు మామా వెనక్కి తిరిగి చూసింది.

గైడ్ వాళ్ళను ఒక గుడిసెలో కూర్చోబెట్టి ఒక్కడే దిగి వచ్చాడు. ముందు విజిల్ వినిపించింది. తర్వాత ఎర్ర కోటు. రొప్పుతున్నాడు. నా తడి గ్లౌజులు లాగేసి, తన ఉన్ని గ్లౌజులు తీసి నా చేతులకు తొడిగాడు. అవి వెచ్చగా ఉన్నాయి. కట్టెల పొగ, గొర్రె వాసన. ఫ్లాస్కులో మిగిలిన టీ నాతో తాగించాడు.

తర్వాత అతను నా ముందు నడిచాడు. వెనక్కి నడిచాడు. మొహం నా వైపు పెట్టి, వీపు దారి వైపు పెట్టి. మధ్యమధ్య భుజం మీదుగా ఒకసారి చూసుకునేవాడు, అంతే. ప్రతి కొన్ని అడుగులకూ ఒక వేలు ఎత్తి "వన్" అనేవాడు. నేను తల ఊపాలి. ఊపకపోతే ఆగిపోయేవాడు. ఆ చేతులకు గ్లౌజులు లేవు. ఆ వేలు ఎర్రగా ఉండి, పోను పోను తెల్లబడింది. గుడిసె చేరేదాకా అతని లెక్కలో నేనొక్కదాన్నే ఉన్నాను.

అందరం లాడ్జికి తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. బాబా కోపంతో ముసలామె మీద అరిచాడు. మా మనిషిని మంచులో వదిలేశారు, చచ్చిపోయి ఉంటే ఎవరిది బాధ్యత అన్నాడు. నా కోసం ఎవరైనా అంత గట్టిగా అరవడం అదే మొదలు. గైడ్ పొయ్యి పక్కన నిలబడి పుస్తకం తీసి చూపించాడు. ఆరు. నా వైపు చెయ్యి చూపించాడు. ఈమె చెప్పింది అని.

బాబా నా వైపు తిరిగి అరబ్బీలో అడిగాడు. "నువ్వు ఆరు అన్నావా? మనం ఆరుగురమా?"

ముసలామె చూస్తోంది. పిల్లలు చూస్తున్నారు. మామా పొయ్యి దగ్గర పాప మేజోళ్ళు ఆరబెడుతోంది. పై నెలలో నా ఇఖామా అయిపోతుంది. కొత్తది రాయించాలంటే బాబా సంతకం పెట్టాలి. మనుషుల్ని లెక్కపెట్టడం కూడా రాని మనిషి మనకెందుకు అంటాడేమో అనుకున్నాను. నిజంగా నేను ఆలోచించింది అంతే. ఇంకేమీ ఆలోచించలేదు.

"లేదు బాబా. ఏడు అన్నాను."

బాబా ముసలామెకు ఏడు వేళ్ళు చూపించాడు. గైడ్‌కు అరబ్బీ రాదు, కానీ ఆ వేళ్ళు అర్థమయ్యాయి. నా మొహం చూశాడు. ఇప్పుడు కోప్పడతాడు, అబద్ధం అంటాడు అనుకున్నాను. అతను తల వంచి తన పుస్తకంలోకి చూసుకున్నాడు. ఆ అంకె మీద వేలు పెట్టాడు. పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. నన్ను అనుమానించలేదు. తన చేతిరాతను అనుమానించాడు.

ముసలామె అతని ముందు చెయ్యి చాపింది. అతను మెడలోంచి విజిల్ తీసి ఆ చేతిలో పెట్టాడు. టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. అతను తలుపు వేసేదాకా నాకు గుర్తు రాలేదు. అతని గ్లౌజులు నా చేతులకే ఉన్నాయి.

శనివారం కువైట్‌లో దిగాం. నా ఇఖామా వచ్చింది. బాబా ఆ కొండ కథను చుట్టాలకు చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నేను మంచులో ఉన్న సమయం ఇంకొంచెం పెరిగేది.

తిరిగి వచ్చాక ఆ గైడ్ మొదటిసారి కనిపించింది ఇంట్లో పొడుగాటి వసారాలో. పట్టపగలు. టీ ట్రే పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి పోతున్నాను. నా ముందు, మొహం నా వైపు పెట్టి, వెనక్కి నడుస్తున్నాడు. ఒక వేలు ఎత్తాడు. తల ఊపాను. ఊపకపోతే ఆగిపోతాడని భయం. గ్లాసులు చప్పుడు చేశాయి. హాలు గుమ్మం దగ్గర లేడు.

ఆ తర్వాత నా లెక్క చెడిపోయింది. ఎప్పుడు లెక్కపెట్టినా ఒకటి ఎక్కువ వచ్చేది. ఆరుగురికి ఏడు పళ్ళేలు. వ్యాన్‌లో ఒక తల ఎక్కువ. "ఎవరొస్తున్నారు?" అని మామా అడిగితే పళ్ళెం తీసేసేదాన్ని. ఆ ఏడోది నేనేమో అని కూడా అనుకున్నాను. కాదు. నన్ను కలుపుకోవడం నాకు ఇంకా అలవాటు కాలేదు.

ఒక శుక్రవారం రిగ్గైలో వదినకు అంతా చెప్పాను. ఆమె చీర మడతపెడుతూ వింది.

"నువ్వేమన్నా కావాల్నని సేసినావా మే? బయపడినావు."

"బయపడితే మాత్రం? ఆయప్ప నాకు గ్లౌజులిచ్చినాడు వదినా."

"ఆయప్పకు ఇంకో పని దొరికింటాది. మొగోడు, గట్టిగుంటాడు." చీర పక్కన పెట్టి, "ఆ గ్లౌజులు యాడ పెట్టినావు?" అంది.

"నా పెట్టెలో."

"తీసి పారెయ్. సచ్చిపోయినోళ్ళ బట్టలు మాదిరి దాచిపెట్టుకుంటే రాకేం సేస్తాడు."

"ఆయప్ప సచ్చిపోలేదు వదినా."

"నీకు తెల్సా?" అంది. అని, అన్నందుకు నాలుక కరుచుకుంది.

ఆ మాట నన్ను వదల్లేదు. గ్లౌజులు పారెయ్యలేదు.

పోయిన ఎండాకాలం ఒక రోజు దుమ్ము లేచింది. మిద్దె మీద ఆరేసిన దుప్పట్లు తేవడానికి పైకి పోయాను. నాలుగు దుప్పట్లు తీసేసరికి ఎదురు మిద్దె పోయింది, ఆకాశం పోయింది, చివరికి మెట్ల తలుపు కూడా పోయింది. అంతా ఒకటే రంగు. ఒళ్ళంతా చెమట, కానీ చేతివేళ్ళు మొద్దుబారిపోయాయి. అతను వచ్చాడు. వెనక్కి నడుస్తూ, వేలు ఎత్తి. నేను అతని వెనకే పోయాను. చెయ్యి మెట్ల తలుపుకు తగిలింది. కింద మామా నన్ను చూసి, ఎందుకు ఏడుస్తున్నావు అంది. దుమ్ము అన్నాను.

ఈ చలికాలం మళ్ళీ ఆ కొండకే పోదామని పిల్లలు అడిగారు. మామా సోఫాలో కూర్చుని ఫోన్‌లో ఆ లాడ్జి ఫోటోలు చూస్తూ నన్ను పిలిచింది. "ఎంతమందిమి?"

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మామా, ఆ రోజు ఆ మనిషికి నేను ఆరు అన్నాను. ఏడు అనలేదు."

మామా ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "తెలుసు," అంది. "నీ పక్కనే ఉన్నాను కదా, పాపకు మఫ్లర్ చుడుతూ. విన్నాను."

"మరి బాబాకు చెప్పలేదేం?"

"అప్పుడు తప్పనిపించలేదు." ఇప్పుడు నా వైపు చూసింది. "ఆరు అంటే నాకూ సరిపోయినట్టే అనిపించింది. తర్వాత నువ్వు ఏడు అన్నావు. నేనేం చెప్పను? ఖలాస్, అయిపోయింది."

ఖలాస్ అంటే ఇక్కడ మాట ముగిసినట్టు, నేను వెళ్ళిపోవాలి. ఎనిమిదేళ్ళలో ప్రతిసారీ వెళ్ళిపోయాను. ఆ రోజు వెళ్ళలేదు.

"ఆ ముసలామెకు ఫోన్ చెయ్యండి మామా. నేను ఆరు అన్నానని చెప్పండి."

"ఇప్పుడు చెప్తే ఏమొస్తుంది?"

"చెప్పండి."

మామా మొహంలో కోపం లేదు. అలసిపోయినట్టు ఉంది. ఫోన్ చేసింది. ఇంగ్లీషులో మాట్లాడింది. నాకు అన్ని మాటలూ అర్థం కాలేదు, కానీ "షీ సెడ్ సిక్స్" అన్నది అర్థమైంది. "ఐ హర్డ్" అన్నది కూడా. రెండోది అనేటప్పుడు మామా గొంతు తగ్గింది.

ఫోన్ పెట్టేసి చెప్పింది. ఆ మనిషి ఆ వారమే వెళ్ళిపోయాడంట. ఊరు ఇంకా పైన, కొండల్లో. మంచు పడితే దారి మూసుకుపోతుంది, అక్కడ ఫోన్లు పనిచెయ్యవు. ఎండాకాలం మంచు కరిగి దారి తెరుచుకున్నాక ఎవరితోనైనా చెప్పి పంపిస్తానని ముసలామె అన్నదంట. పని మళ్ళీ ఇస్తానని మాత్రం అనలేదంట.

"నువ్వే చెప్దువుగానీ, ఎలాగూ పోతున్నాం కదా," అంది మామా.

మేం మంచు ఉన్నప్పుడే పోతాం. అతని దారి మంచు లేనప్పుడే తెరుచుకుంటుంది. మామాకు అది తట్టలేదు. నేను చెప్పలేదు.

"ఎంతమందిమి?" అని మళ్ళీ అడిగింది.

"ఏడుగురం," అన్నాను. మామా తల ఊపి ఫోన్‌లో నొక్కింది.

గ్లౌజులు పెట్టెలోంచి తీసి ప్రయాణం సంచీలో అడుగున పెట్టాను. ముసలామె దగ్గర వదిలి వస్తాను. తర్వాత మధ్యాహ్నం భోజనానికి పళ్ళేలు తీసుకుని వసారాలోకి వచ్చాను. అతను నా ముందు వెనక్కి నడుస్తున్నాడు. గ్లౌజులు లేని చేతులు. వేలు ఎత్తాడు. నాకు పళ్ళేలతో చేతులు నిండి ఉన్నాయి. తల ఊపాను.